విత్‌కి పంతొమ్మిది అర్థాలు

నాలాంటివాడికి పెళ్ళి కావడమే గొప్ప. నేను నిఘంటువు రాసేవాణ్ణి. ఈ మాట ఎవరితోనైనా అంటే ముందు "ఓహో" అంటారు, కాస్త ఆగి "అది ఇంకా పూర్తి కాలేదా?" అంటారు. కాలేదు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి ఒక పెద్ద నిఘంటువు మేము ఇరవై రెండేళ్ళుగా తయారు చేస్తున్నాం. నేను చేరేనాటికి 'సి' అక్షరం నడుస్తోంది, ఈ సంగతి జరిగేనాటికి 'డబ్ల్యూ' దాకా వచ్చాం. ఆ డబ్ల్యూలో 'విత్' అనే వేలెడంత మాట నా వంతుకొచ్చింది. దాని మీద నేను పద్నాలుగు నెలలు కూర్చున్నాను. ఆఫీసులో నా వెనకాల నన్ను 'తోగారు' అంటారని నాకు తెలుసు. మొదట్లో కోపం వచ్చింది, తర్వాత అలవాటైపోయింది, ఆఖరికి కాస్త గర్వంగా కూడా అనిపించసాగింది. సిగ్గు పూర్తిగా వదిలేసినవాడి లక్షణం అది.

ఆ పద్నాలుగు నెలల్లో చివరి రెండు వారాలు మా ఆవిడ కుట్టు షాపు ఉంటుందా ఊడుతుందా అన్నట్టు ఉంది. మున్సిపాలిటీ వాళ్ళ దుకాణాల వరుసలో తొమ్మిదో నంబరు గది ఆమెది. అద్దె గడువు తీరిపోయింది. పక్క గదిలో సెల్‌ఫోన్లు అమ్మేవాళ్ళు ఆ గది కూడా తమకే ఇస్తే మధ్యగోడ తీసేసి షాపు పెద్దది చేసుకుంటామని అర్జీ పెట్టారు. పైగా తొమ్మిదో నంబరు సగం రోజులు మూసే ఉంటుందని ఫిర్యాదు కూడా రాశారు. ఎవరికివ్వాలో గురువారం పదకొండింటికి అధికారి ఇద్దరి మాటా విని తేలుస్తాడు. ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. పాలు పోసే మనిషికి తెలుసు, ఇస్త్రీ చేసే మనిషికి తెలుసు. నాకొక్కడికే తెలియదు. ఆమె చెప్పలేదని కాదు. ఏడుసార్లు చెప్పింది. ఏడుసార్లూ నేను ఎంతో శ్రద్ధగా రాసుకున్నాను కూడా.

మా పని ఎలా సాగుతుందో చెప్పకపోతే నేనెంత ఘనుణ్ణో మీకు పూర్తిగా తెలియదు. మా ప్రధాన సంపాదకురాల్ని మేమంతా పెద్దమేడం అంటాం. ఆవిడది ఒక నియమం ఉంది. ప్రతి అర్థానికీ ఇచ్చే తెలుగు ఉదాహరణ పుస్తకాల్లోంచి కాకుండా మనుషుల నోట్లోంచి రావాలి. అందుకని మాకందరికీ అరచెయ్యంత అట్టకార్డులు ఇస్తారు. జేబులో ఎప్పుడూ ఒక పాతిక ఉండాలి. పనికొచ్చే వాక్యం చెవిన పడగానే అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి. కింద ఎవరన్నారో, ఎక్కడన్నారో, ఏ తారీఖున అన్నారో వెయ్యాలి. మాట్లాడేవాళ్ళను మధ్యలో ఆపకూడదు. జవాబు చెప్పి మాటను దారి తప్పించకూడదు. ఆఫీసుకొచ్చాక కార్డు మూలన ఎర్రసిరాతో అర్థం సంఖ్య వేసి, ఆ సంఖ్య ఉన్న సొరుగులో పెట్టాలి. నా విత్‌కి పంతొమ్మిది అర్థాలు, పంతొమ్మిది సొరుగులు. ఈ నియమం సంతలో, బస్సులో, టీకొట్టు దగ్గర పాటించడానికి. ఇంట్లో కూడా పాటించమని పెద్దమేడం చెప్పలేదు. అది పూర్తిగా నా సొంత తెలివి.

ఇక విత్ సంగతి. బళ్ళో మనకు నేర్పింది విత్ అంటే 'తో' అని. అంతటితో ఊరుకుని ఉంటే రెండు రోజుల్లో పని ముగిసేది. నేను ఊరుకునే రకమా. తవ్వుకుంటూ పోయాను. తవ్వితే ఏం బయటపడిందంటే, వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో విత్‌కి ముఖ్యంగా ఉన్న అర్థం తోడు కాదు, ఎదురు. ఒకరికి ఎదురుగా నిలబడటం, ఒకరి మీదికి పోవడం. ఇవాళ్టికీ ఎదిరించి నిలవడాన్ని విత్‌స్టాండ్ అంటున్నారంటే అందులో కూర్చున్నది ఆ పాత అర్థమే. తోడుగా ఉండటానికి వాళ్ళకు వేరే మాట ఉండేది, 'మిడ్' అని. మరి ఎదురుగా ఉన్నది పక్కకెలా వచ్చిందంటారా, పోట్లాట అన్నాక ఇద్దరుండాలి కదా. ఒకడికి ఎదురుగా పోట్లాడేవాడు కాలం గడిచేకొద్దీ ఒకడితో పోట్లాడేవాడయ్యాడు. అలా విత్ మెల్లగా మిడ్ ఇంట్లో దూరి, చివరికి మిడ్‌నే బయటికి గెంటింది. పాపం మిడ్ ఇప్పుడు కాన్పు చేసే ఆవిడ దగ్గర తలదాచుకుంటోంది. మిడ్‌వైఫ్ అంటారు చూడండి, అందులో. పాతకాలంలో వైఫ్ అంటే ఏ ఆడమనిషైనా సరే. ఆ కష్ట సమయంలో తోడుగా ఉండే ఆడమనిషి అని ఆ మాటకు అసలర్థం.

ఇంకా అడుక్కి వెళితే విత్ పుట్టిన ధాతువుకు 'విడిగా' అని అర్థం కనిపించింది. మన వియోగంలో మొదట ఉన్న 'వి' దానికి దూరపు చుట్టమే. అంటే కలిసి ఉండటం అనే అర్థం వేరుగా ఉండటం అనే అర్థానికి మునిమనవడన్న మాట. ఇది తెలిసిన రోజు నేను నేల మీద నడవలేదు. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయనకు వివరంగా చెప్పాను. ఆయన తర్వాతి స్టాపులోనే దిగి, ఇంకో బస్సు కోసం అక్కడే నిలబడ్డాడు. పంటి డాక్టరు నా నోట్లో చెయ్యి పెట్టినప్పుడు చెప్పబోతే, నొప్పి అనుకుని ఇంకో సూది వేశాడు. ఆ ఊపులో మన 'విడి'కి కూడా చుట్టరికం అంటగట్టి రెండు పేజీలు రాశాను. పెద్దమేడం వాటి మీద అడ్డంగా ఒక గీత గీసి పంపించారు.

ఆ రోజుల్లోనే, మూడో తారీఖున, మా ఆవిడ వంటగదిలో కూరగాయలు తరుగుతూ "మీతో ఒక విషయం మాట్లాడాలి" అంది. నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఒకరితో మాట్లాడటం నాలుగో అర్థం. ఆ సొరుగులో అప్పటికి మూడే కార్డులున్నాయి, అవి కూడా ఏమంత బావుండవు. రాసుకుని తృప్తిగా "ఊఁ" అన్నాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఎంతసేపు చెప్పిందో, ఏం చెప్పిందో నాకు తెలియదు. 'మీతో' తర్వాత ఆమె కాస్త ఆగిందా లేదా అన్నది తేల్చుకోవడంలో ఉన్నాను. మధ్యమధ్య మాత్రం "ఊఁ" అంటూనే ఉన్నాను. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నేను సంపాదించిన విద్య అదొక్కటే. మనిషి లేకపోయినా ఊఁ ఆగదు.

మర్నాడు నోటీసు చేతిలో పట్టుకుని వచ్చి "మున్సిపాలిటీ నుంచి గుండ్రటి ముద్రతో నోటీసు వచ్చిందండీ" అంది. ఆరో అర్థం, కలిగి ఉండటం. రాసుకున్నాను. ఆమె నోటీసు నా ముందు బల్ల మీద పెట్టింది. నేను దాని మీద కార్డు పెట్టుకుని రాశాను. బల్ల గరుగ్గా ఉంటుంది, కింద కాగితం ఉంటే కలం సాఫీగా నడుస్తుంది.

అన్నిటికంటే ఘోరం ఆరో తారీఖున జరిగింది. మా ఆవిడ గిన్నెలు తుడుస్తూ ఉన్నట్టుండి "పక్క షాపువాళ్ళతో గొడవపడే ఓపిక నాకు లేదండీ" అంది. నేను కుర్చీలోంచి దిగ్గున లేచాను. ఆమె చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నా వైపు తిరిగింది. ఇన్ని రోజులకు నేను కదిలానని ఆమె మొహంలో కాస్త వెలుగొచ్చింది. అది ఇప్పుడు తలుచుకుంటే నాకు ఎక్కడైనా దూరిపోవాలనిపిస్తుంది.

"మళ్ళీ అను" అన్నాను.

"పక్క షాపువాళ్ళతో గొడవపడే ఓపిక నాకు లేదు."

"ఇందాక చివర 'అండీ' అన్నావు."

"అన్నానేమో. ఇంతకీ ఏం చెయ్యమంటారు?"

"ఏమీ చెయ్యకు. అలాగే ఉండు. చూశావా, వెయ్యేళ్ళ కిందటి విత్ మన వంటగదిలో బతికే ఉంది" అని, పాత యుద్ధాలూ మిడ్ పడిన పాట్లూ ఇరవై నిమిషాలు చెప్పాను. మిడ్‌వైఫ్ దగ్గరకొచ్చేసరికి నా గొంతు కూడా వణికింది. కష్టంలో ఉన్న ఆడమనిషికి తోడుగా ఉండటం ఎంత గొప్ప సంగతో, దానికోసం ఒక మాట ఎలా ప్రాణం ఉగ్గబట్టుకుని మిగిలిందో, అన్నీ ఆమెకే చెప్పాను. ఆమె గిన్నె తుడిచి గూట్లో పెట్టింది.

"మీరు నేను చెప్పింది విన్నారా?" అంది.

"అక్షరం పొల్లుపోకుండా" అని కార్డు చూపించాను.

ఆ తర్వాత తొమ్మిదో తారీఖున ఒకటి, పదకొండున ఒకటి, పదమూడున ఒకటి రాసుకున్నాను. బుధవారం పదిహేనో తారీఖు పొద్దున నేను తింటుంటే, ఎదురుగా నిలబడి నన్ను కాసేపు చూసి, "సరే, మీతో ఇక లాభం లేదు" అంది. ఎడం చేత్తోనే రాసుకున్నాను. పద్నాలుగో అర్థం, ఒకరి విషయంలో. ఆ సొరుగు అప్పటిదాకా ఖాళీగా ఉండి నా ప్రాణం తీసింది. అది నిండటంతో విత్ పని పూర్తయిపోయింది. నేను సంతోషంగా చెయ్యి కడుక్కున్నాను.

గురువారం పొద్దున ఆమె ఇస్త్రీ చీర కట్టుకుంది. కొలతల పుస్తకాలన్నీ ఒక పెద్ద సంచిలో సర్దింది. "ఇవాళ ఎన్నింటికి వెళ్తున్నారు?" అని అడిగింది. అందులో తో లేదు కనక నాకు సరిగ్గా ఎక్కలేదు. "ఇవాళ నా విత్‌ని పెద్దమేడం చూస్తున్నారు" అన్నాను. ఆమె మరేమీ అడక్కుండా సంచి ఎత్తుకుంది. బరువుగా ఉన్నట్టుందని నేను తలుపు తీసి పట్టుకున్నాను. భార్యకు తలుపు తీసిపట్టుకునే మగవాళ్ళు ఎంతమంది ఉంటారు అని నాలో నేనే మెచ్చుకున్నాను కూడా.

మా ఆఫీసులో ఒక మాట పూర్తయితే అందరూ పొడవాటి బల్ల చుట్టూ కూర్చుంటారు. రాసినవాడు సొరుగులు వరసగా తెచ్చి పెడితే, పెద్దమేడం ఒక్కో కార్డు తీసి పైకి చదువుతారు. టైపిస్టు రాసుకుంటుంది. ఆ రోజు సభ పదిన్నరకు మొదలైంది. పద్నాలుగు నెలలు ఎదురుచూసిన జనం కనక నా విత్ ఎలా ఉందోనన్న ఆసక్తి కంటే, ఈ పీడ వదులుతోందన్న సంతోషమే వాళ్ళ మొహాల్లో ఎక్కువగా కనిపించింది. నేను కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాను.

పెద్దమేడం కళ్ళజోడు సర్దుకుని మొదటి సొరుగు తీశారు. నాలుగైదు కార్డులయ్యాక మా ఆవిడది వచ్చింది. "పక్క షాపువాళ్ళతో గొడవపడే ఓపిక నాకు లేదండీ. భేష్. ఎక్కడా అతికించినట్టు లేదు" అన్నారు. ఆవిడ నోట భేష్ అన్న మాట విని నాకు తొమ్మిదేళ్ళయింది. రెండో సొరుగు తీశారు. తోడు అనే అర్థం, అన్నిటికంటే ముఖ్యమైనది. "గురువారం పదకొండింటికి నాతో వస్తారా? ఒక్కదాన్నే అయితే నోరు పెగలదు. ఇది ఇంకా బావుంది. తోడు ఎందుకో కూడా వాక్యంలోనే ఉంది." నేను వినయంగా తల వంచాను.

మూడో సొరుగులో మా ఆవిడ లేదు. నాలుగులో ఉంది, ఆరులో ఉంది. ఎనిమిదో సొరుగు, అంటే పనిముట్టు, తీసి "పద్దెనిమిదేళ్ళు ఈ చేతులతో నిలబెట్టుకున్న షాపండీ" అని చదివి పెద్దమేడం మెచ్చుకోలేదు. కార్డు తిప్పి చూశారు. పదకొండో సొరుగు, కారణం. "ఈ దిగులుతో నాకు నిద్ర పట్టట్లేదు" అని చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ 'భార్య, వంటగది' అని రాసినవన్నీ ఒకే మనిషివా?"

"నాకు ఉన్నది ఒక్క భార్యేనండి" అన్నాను. ఎవరైనా నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

"ఏం షాపు ఆవిడది?"

"ఆడవాళ్ళ బట్టలు కుట్టే షాపండి. మున్సిపాలిటీ గదిలో."

"నోటీసు దేని గురించి?"

"ఏ నోటీసండి?"

పెద్దమేడం నా వంక చూసిన చూపు మీకు చెప్పలేను. మిగిలిన సొరుగులన్నీ తనే గబగబా వెతికి, మా ఆవిడ కార్డులు ఏడూ బయటికి తీశారు. అర్థం సంఖ్యలు పట్టించుకోలేదు. కింద ఉన్న తారీఖులు చూసి, ముందుది ముందు, వెనకది వెనక, బల్ల మీద ఒక వరసలో పేర్చారు. మా ఆఫీసులో కార్డుల్ని అలా పేర్చగా ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు.

"ఇప్పుడు మీరు చదవండి. పైకి" అన్నారు.

చదివాను. మీతో ఒక విషయం మాట్లాడాలి. మున్సిపాలిటీ నుంచి గుండ్రటి ముద్రతో నోటీసు వచ్చిందండీ. పక్క షాపువాళ్ళతో గొడవపడే ఓపిక నాకు లేదండీ. ఈ దిగులుతో నాకు నిద్ర పట్టట్లేదు. పద్దెనిమిదేళ్ళు ఈ చేతులతో నిలబెట్టుకున్న షాపండీ. గురువారం పదకొండింటికి నాతో వస్తారా? ఒక్కదాన్నే అయితే నోరు పెగలదు. ఏడోది చదవలేకపోయాను. విడివిడిగా ఇన్నాళ్ళు నా సొరుగుల్లో ఎర్రసిరా అంకెలు వేసుకుని బుద్ధిగా పడున్న వాక్యాలు, వరసలో పెట్టేసరికి ఒక మనిషి నా ముందు నిలబడి రెండు వారాలుగా బతిమాలుకున్నట్టయింది. నేను వినకపోవడమంటే ఏదో అన్యమనస్కంగా ఉండటం కాదు. ఎదురుగా కూర్చుని, ఆమె చూస్తుండగా, ఆ బతిమాలడాన్ని ముక్కలు కోసి దాచుకున్నాను.

"ఇవాళ గురువారమేనండి" అంది టైపిస్టు మెల్లగా. గోడ మీద గడియారంలో పదకొండూ పది.

"పద్నాలుగు నెలలు ఆగింది, ఇంకో పూట ఆగుతుంది. మీరు వెళ్ళండి" అన్నారు పెద్దమేడం. కోప్పడి ఉంటే నా కాళ్ళు ఇంకాస్త తొందరగా కదిలేవేమో.

మున్సిపాలిటీ ఆఫీసు మా ఆఫీసుకు నాలుగు వీధుల దూరం. పరిగెత్తాను. యాభై నాలుగేళ్ళు వచ్చి, చెవి మీద ఎర్రకలం పెట్టుకుని పరిగెత్తే మనిషికి జనం దారి బాగానే ఇస్తారు. ఆఫీసులో కనబడిన మొదటి వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక కిటికీలో ఆయన "పుట్టింది ఆడపిల్లా, మగపిల్లాడా?" అన్నాడు. జనన ధ్రువపత్రాల వరస అది. "షాపండి" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి మేడ మీద నాలుగో నంబరు గదికి వెళ్ళమన్నాడు. మెట్లు ఎక్కుతుంటే ఆయాసంతో కళ్ళు చీకట్లు కమ్మాయి. ఆమెకు నోరు పెగలక నిలబడి ఉంటుంది, అధికారి చిరాకుపడి ఉంటాడు, పద్దెనిమిదేళ్ళ షాపు నా ఊఁ వల్ల పోయి ఉంటుంది అన్న భయమొకటే బుర్రలో తిరుగుతోంది.

నాలుగో గది తలుపు ఓరగా తీసి ఉంది. దాని పక్కన స్టూలు మీద బంట్రోతు కూర్చుని ఉన్నాడు. లోపలి నుంచి ఒక ఆడగొంతు వినబడుతోంది. నిదానంగా, ఎక్కడా తడబడకుండా ఉంది. పక్క షాపువాళ్ళు ఎవరో బాగా మాట్లాడే లాయరమ్మను పెట్టుకున్నారనుకున్నాను. సందులోంచి చూశాను. మాట్లాడుతున్నది మా ఆవిడ.

అధికారి బల్ల నిండా కొలతల పుస్తకాలు పరిచి ఉన్నాయి. "సగం రోజులు మూసే ఉంటుందన్నారు కదండీ. ఏ సంవత్సరమైనా సరే, ఏ పేజీ అయినా సరే, మీరే తియ్యండి. ప్రతి పేజీ మీదా తారీఖు ఉంటుంది. పొద్దున పిల్లల్ని బడికి పంపి వచ్చేవాళ్ళు ఒక వేళకు వస్తారు, ఉద్యోగాలకు పోయేవాళ్ళు సాయంత్రం ఆరు తర్వాత వస్తారు. నా దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఇప్పుడు నా దగ్గరే కుడుతున్నారు. ఎవరొచ్చి ఏం అడిగారో రాసుకుంటాను. రాసుకున్నది ఆ తారీఖుకు చేసి ఇస్తాను. నా పని అంతేనండీ" అంటోంది.

రాసుకుంటాను, చేసి ఇస్తాను. నేను తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను. రాసుకోవడం దాకా నాకూ వచ్చు.

లోపలికి అడుగు వెయ్యబోతే బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టాడు. "అర్జీదారుతో వచ్చినవాళ్ళు ముందే పేరు రాయించి లోపలికి వెళ్ళాలండీ. మీరెవరు?"

"నేను ఆవిడ భర్తను."

అతను ఒళ్ళో ఉన్న రిజిస్టరు చూశాడు. "ఒక్కదాన్నే వచ్చానని రాయించారే. ఉండండి, కనుక్కుంటాను" అని లోపలికి వెళ్ళి, బల్ల పక్కన నిలబడి, "అమ్మా, మీవారట, బయట ఉన్నారు. మీతో వచ్చారా?" అన్నాడు. గదిలో అందరూ తలుపు వైపు చూశారు. ఆమె కూడా తిరిగి చూసింది. చెవి మీద ఎర్రకలంతో, చెమటతో, గసపెడుతూ ఉన్న నన్ను తీరిగ్గా చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం కోసం వెతుక్కున్నాను, దొరకలేదు.

"లేదండీ. నేనొక్కదాన్నే వచ్చాను" అంది అధికారితో. పుస్తకంలో ఇంకో పేజీ తిప్పి, ఆగిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

పావుగంటలో తేలిపోయింది. తొమ్మిదో నంబరు గది ఇంకో మూడేళ్ళు ఆమెకే. సెల్‌ఫోన్ల షాపువాళ్ళు నన్ను దాటుకుని చరచరా మెట్లు దిగిపోయారు. వాళ్ళ వెనక మా ఆవిడ సంచి ఈడ్చుకుంటూ వచ్చి వరండాలో బెంచీ మీద కూలబడింది. నేను పక్కన కూర్చున్నాను.

"నీళ్ళున్నాయా?" అంది.

లేవు. నా దగ్గర ఉన్నవి అట్టకార్డులు.

"చేతులు చూడండి, ఇప్పుడు వణుకుతున్నాయి. లోపల అస్సలు వణకలేదు" అని రెండు చేతులూ ముందుకు చాపి చూపించింది. నవ్వుతోంది. ఆ నవ్వు నేను చూసి ఎన్నేళ్ళయిందో లెక్క తెలియలేదు.

"నన్ను క్షమించు. ఏడుసార్లు చెప్పావు" అన్నాను.

"ఏడుసార్లా? నేను మూడో నాలుగో అనుకున్నా." ఆమె నవ్వు కాస్త తగ్గింది. "అన్నిసార్లు అడిగానా, సిగ్గులేకుండా."

"సిగ్గు నీకెందుకు, నాకుండాలి. నిన్ను నోరు పెగలక అలా నిలబెట్టానని..."

"అదే విచిత్రం" అంది నా మాటకు అడ్డం వస్తూ. "మీరు వస్తారేమో, మీరొస్తే మాట్లాడతారేమో అనుకున్నన్నాళ్ళూ నాకు ఒక్క ముక్క తోచలేదు. నిన్న పొద్దున ఇక మీరు రారని తేలిపోయింది. తేలిపోయాక మిషను దగ్గర కూర్చుని, ఏం చెప్పాలో నాకు నేనే పగలంతా చెప్పుకున్నా. రాత్రి హాయిగా నిద్రపోయా, ఇన్ని రోజులకి."

నేను తల ఎత్తలేకపోయాను. ఆమె వంగి నా మొహంలోకి చూసింది. నేను బాధపడుతున్నానని ఆమెకు అర్థమైంది. నేను బాధపడితే చూడటం ఆమె వల్ల కాదు, మొదటి నుంచీ అంతే. నా భుజం మీద చెయ్యి వేసి, "దిగులు పెట్టుకోకండి. ఇకముందు ఇలాంటివాటికి మిమ్మల్ని అడగనులెండి. నాకు చేతనైపోయింది" అంది.

అది దెప్పిపొడుపు కాదు. నన్ను ఓదార్చడానికే అంది. అంత మెత్తగా ఆమె నాతో మాట్లాడి చాలాకాలమైంది. ఒంటిగంటకు ఎవరికో బట్టలు ఇవ్వాలని చెప్పి లేచింది. నేను సంచి అందుకోబోయేసరికి అది అప్పటికే ఆమె భుజానికి ఎక్కింది.

"మీకు ఆఫీసుందిగా, వెళ్ళండి. మీవాళ్ళు ఎదురుచూస్తుంటారు" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేను వెళ్ళలేదు. పనుల మీద వచ్చిన జనం అటూ ఇటూ తిరుగుతూ చూస్తుండగానే ఆ బెంచీ మీద కూర్చుని ఏడ్చాను.